లక్ష్యానికి కాదు, మందుకే పేటెంట్

రోగం కణంలో ఏ ప్రోటీన్ దగ్గర మొదలవుతోందో తెలుసుకుని, దాన్నే గురిపెట్టి మందు తయారుచేయడం నేటి ఔషధ పరిశోధనకు రాజమార్గంగా మారింది. ఒకప్పుడు ప్రాణాంతకమనుకున్న జబ్బులు కొన్ని రోజుకో మాత్రతో అదుపులో ఉంటున్నాయంటే ఆ ఘనత ఈ మార్గానిదే. అయితే ఈ విజయాల వెంటే ఒక పేచీ కూడా నడుస్తోంది. ఫలానా ఎంజైమును ఆపితే ఫలానా రోగం తగ్గుతుందని మొదట కనిపెట్టినవారు, ఆ ఎంజైమును ఆపే మందులన్నింటిపైనా, ఇంకా పుట్టని మందులతో సహా, పేటెంట్ కోరవచ్చునా? కోరరాదనీ, కోరినా పేటెంట్ కార్యాలయాలు అంగీకరించరాదనీ మేం భావిస్తున్నాం.

లక్ష్యం, అంటే మందు గురిపెట్టాల్సిన ప్రోటీన్, తెలిసినంత మాత్రాన మందు చేతికి రాదు. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ రోగుల రక్తకణాల్లో ఒక క్రోమోజోమ్ ఉండాల్సినదానికంటే చిన్నదిగా ఉందని 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ గుర్తించారు. 9, 22 క్రోమోజోముల ముక్కలు ఒకదాని చోట ఒకటి చేరడమే అందుకు కారణమని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు నుంచి పుట్టే బీసీఆర్-ఏబీఎల్ అనే ఎంజైమ్ విరామం లేకుండా పనిచేస్తూ కణాలను విభజనకు ఉసిగొల్పుతోందని ఆ తరవాత తెలిసింది. దాన్ని నిలువరించే ఇమాటినిబ్ మాత్రకు అమెరికాలో అనుమతి లభించింది 2001లో.

కణాల పెరుగుదలకు సంకేతాలిచ్చే రాస్ ప్రోటీన్ల కథ ఇంకా కష్టమైనది. మనుషుల క్యాన్సర్లలో రాస్ జన్యువులు మార్పు చెందుతున్నాయని 1982లోనే బయటపడింది. అంటే లక్ష్యం అందరి కళ్లముందే ఉంది. కానీ ఆ ప్రోటీన్ ఉపరితలం దాదాపు నున్నగా ఉంటుంది. మందు అణువు దూరి కుదురుకోవడానికి తగిన గుంట అందులో కనిపించలేదు. ఉన్న ఒక్క చోటులో కణంలోని జీటీపీ అణువు ఎంత గట్టిగా అతుక్కుని ఉంటుందంటే, దాన్ని తోసేసి మరొకటి చేరడం అసాధ్యమనే నిర్ణయానికి చాలామంది వచ్చేశారు. కేరాస్‌లో (రాస్ ప్రోటీన్లలో ఇదొకటి) పన్నెండో స్థానంలో గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్‌ను కూర్చే ఇటుకల్లో ఒకటి, పోయి సిస్టీన్ వచ్చిన రకంలో, ఆ సిస్టీన్‌లోని గంధకాన్ని పట్టుకునే అణువులను 2013లో కెవన్ షోకట్ బృందం తయారుచేసింది. అణువు అతుక్కున్నాకే, అంతకుముందు ఎవరికీ కనబడని గుంట ఒకటి పక్కనే తెరుచుకుందని తెలిసింది. ఆ ఆధారంతో ముందుకు సాగిన పరిశోధనల ఫలితంగా ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సోటోరాసిబ్ 2021లో అనుమతి పొందింది. లక్ష్యం తెలియడానికీ, మందు రావడానికీ మధ్య సుమారు నాలుగు దశాబ్దాలు గడిచాయి. ఆవిష్కరణ అని దేన్ని పిలవాలో తెలుసుకోవడానికి ఇంతకు మించిన దృష్టాంతం అక్కరలేదు.

మధ్యనున్న ఈ శ్రమ పడకుండానే ఫలితంపై హక్కు అడిగిన సందర్భాలు అమెరికా న్యాయస్థానాల ముందుకు పలుమార్లు వచ్చాయి. వాపు, నొప్పులకు కారణమయ్యే కాక్స్-2 ఎంజైమును మాత్రమే ఆపి, జీర్ణాశయపు పొరను కాపాడే కాక్స్-1ను వదిలేసే చికిత్సా విధానంపై రోచెస్టర్ విశ్వవిద్యాలయం 2000లో పేటెంట్ సంపాదించింది. అలా ఆపగల రసాయనం ఒక్కటైనా ఆ పత్రంలో లేదు. అయినా కాక్స్-2ను ఆపే సెలికాక్సిబ్ మందు తయారీదారులపై దావా వేసింది. 2004లో అప్పీలు కోర్టు ఆ పేటెంట్ చెల్లదని తేల్చింది. ఎన్ఎఫ్-కాపా-బీ అనే ప్రోటీన్ చురుకుదనాన్ని తగ్గించే పద్ధతులపై అరియాడ్ సంస్థ, కొన్ని పరిశోధనాలయాలతో కలిసి, ఎలీ లిల్లీ ఔషధ కంపెనీపై వేసిన దావాదీ ఇదే తీరు. 2002లో పేటెంట్ మంజూరయ్యేనాటికే ఆ దావాకు గురైన లిల్లీ మందులు రెండూ మార్కెట్లో ఉన్నాయి. జ్యూరీ 2006లో ఆరున్నర కోట్ల డాలర్లు చెల్లించాలని చెప్పినా, 2010లో అప్పీలు కోర్టు పూర్తి ధర్మాసనం ఆ పేటెంట్ నిలవదని స్పష్టంచేసింది. భూమిలో ఫలానా చోట నీరుందని చెప్పినవారికి, ఆ నేలలో ఎవరు బావి తవ్వినా వాటా రాసివ్వాలన్నట్టు ఉన్న ఈ వాదనలు వీగిపోవడం సబబే.

మూడోది మరింత జాగ్రత్తగా పరిశీలించవలసిన కేసు. పీసీఎస్‌కే9 అనేది ఎంజైముల వంశానికే చెందిన ప్రోటీన్. రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను కాలేయ కణాల్లోకి లాగే గ్రాహకాలను ఇది పట్టుకుని నాశనానికి పంపుతుంది. ఈ జన్యువులో మార్పు వల్ల కొన్ని ఫ్రెంచి కుటుంబాల్లో కొలెస్ట్రాల్ విపరీతంగా పెరుగుతోందని 2003లో బయటపడింది. పుట్టుకతోనే ఈ ప్రోటీన్ సరిగా పనిచేయనివారిలో కొలెస్ట్రాల్ తక్కువగా ఉండటమే కాక గుండె జబ్బులూ అరుదేనని హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ చూపించారు. ఈ విజ్ఞానమంతా బాహాటంగా ప్రచురితమైంది కాబట్టే పలు సంస్థలు పోటీపడి పరిశోధించాయి. 2015లో పీసీఎస్‌కే9ను పట్టుకుని అడ్డుకునే రెండు యాంటీబాడీ (లక్ష్యానికి అతుక్కునే రక్షక ప్రోటీన్) మందులు కొద్ది వారాల తేడాతో అనుమతి పొందాయి. వాటిలో ఒకదాని తయారీదారైన ఆమ్‌జెన్ తన పేటెంట్లలో 26 యాంటీబాడీల అమైనో ఆమ్లాల వరుస ఇచ్చి, హక్కు మాత్రం పీసీఎస్‌కే9పై ఫలానా భాగానికి అతుక్కుని దాని పనిని అడ్డుకునే ప్రతి యాంటీబాడీపైనా కోరింది. 2017 జనవరిలో కింది కోర్టు రెండో మందు అమ్మకాలు ఆపాలని ఉత్తర్వు కూడా ఇచ్చింది. అప్పీలు కోర్టు దాన్ని నిలిపివేయకపోతే ఆ మందు వాడుతున్న హృద్రోగులకు అది దూరమయ్యేది. చివరకు 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఒక్కమాటగా ఆమ్‌జెన్ వాదనను తోసిపుచ్చారు. ఎంత విస్తృతమైన హక్కు కోరితే, దాన్ని ఇతరులు తయారుచేసుకునేలా అంత వివరంగా చెప్పి తీరాలన్నది ఆ తీర్పు సారం. మిగతా యాంటీబాడీలను వెతుక్కునే దారి చూపామన్న ఆమ్‌జెన్ మాట, ఇతరులకు పరిశోధన పని అప్పగించడమే తప్ప ఆవిష్కరణ వివరణ కాదని కోర్టు తేల్చిచెప్పింది.

లక్ష్యం అందరికీ తెరిచి ఉండటం రోగికి ఎందుకు అవసరమో లుకేమియానే చెబుతుంది. బీసీఆర్-ఏబీఎల్‌లో 315వ స్థానంలోని అమైనో ఆమ్లం ఒక్కటి మారితే చాలు, ఇమాటినిబ్ అక్కడ కుదురుకోలేదు, జబ్బు తిరగబెడుతుంది. 2006లో వేరొక సంస్థ నుంచి వచ్చిన డాసాటినిబ్ ఇమాటినిబ్‌కు లొంగని పలు రకాలను అదుపుచేసినా, ఈ ఒక్క మార్పును దాటలేకపోయింది. దాన్ని దాటేలా రూపొందిన పొనాటినిబ్ 2012లో వచ్చింది. అది తయారుచేసింది ఎన్ఎఫ్-కాపా-బీ కేసులో ఓడిన అరియాడే. బీసీఆర్-ఏబీఎల్‌ను ఆపే హక్కంతా మొదటివారి చేతిలో ఉండి ఉంటే, ఆ మందు తయారీకి అరియాడ్ మరొకరి అనుమతి కోసం నిరీక్షించాల్సి వచ్చేది. దుష్ఫలితాల విషయంలో పొనాటినిబ్‌పై ఆంక్షలు, హెచ్చరికలు తప్పలేదన్నది నిజమే. అయినా వేరే మందు ఏదీ పనిచేయని రోగికి అది ఎంత విలువైనదో చికిత్స చేసే వైద్యులకు తెలుసు.

ఎదుటి పక్షం వాదననూ తేలిగ్గా తీసిపారేయలేం. హక్కు మరీ ఇరుగ్గా ఉంటే పోటీదారులు ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మార్చి తప్పించుకుంటారనీ, అప్పుడు మొదటి అడుగు వేయడానికి ఎవరూ డబ్బు పెట్టరనీ కంపెనీలు అంటున్నాయి. ఈ భయంలో కొంత న్యాయం ఉంది. అందుకే, హక్కు కోరిన అణువుల వర్గంలోని ప్రతి అణువునూ విడివిడిగా వర్ణించనక్కర్లేదనీ, వాటన్నిటికీ సమానమైన లక్షణాన్ని చూపగలిగితే మామూలు ప్రయోగాలతో మిగతావి చేసుకునేలా చెప్పినా చాలనీ సుప్రీంకోర్టే అంగీకరించింది. ఆ మేరకు రక్షణ న్యాయమే. లక్ష్యాన్ని కనిపెట్టిన విశ్వవిద్యాలయాలు సైతం తాము నిజంగా తయారుచేసిన పరీక్షా పద్ధతులపై, కణజాలాలపై, రోగనిర్ధారణ విధానాలపై హక్కు పొందడానికి అడ్డేమీ లేదు. జీవప్రక్రియను విప్పి చెప్పినందుకు ప్రతిఫలం అవార్డులు, ప్రజాధనంతో అందే పరిశోధన నిధుల రూపంలో దక్కాలి. అవి ఇప్పుడున్నంత చాలవనీ, మరింత ఉదారంగా ఇవ్వాలనీ మా గట్టి నమ్మకం.

ఈ విషయంలో ఇప్పుడు తొందర ఎందుకంటే, ప్రోటీన్ల ఆకృతి ఊహించడం కంప్యూటర్లకు సుసాధ్యమైపోయింది. 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకృతులను ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్ 2022లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ప్రోటీన్లను కంప్యూటర్‌పై రూపొందించిన డేవిడ్ బేకర్‌కూ, ఆల్ఫాఫోల్డ్ సృష్టికర్తలు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకూ 2024 రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. ఫలానా ఎంజైముకు అతుక్కోగల అమైనో ఆమ్లాల వరుసలను వేల సంఖ్యలో కాగితంపై పేర్చడం ఇకపై కష్టం కాబోదు. 26 యాంటీబాడీలు చాలవన్న చోట, ఎన్నడూ పరీక్షనాళికలోకి దిగని 26 వేల వరుసలు చూపి ఇరవై ఏళ్ల గుత్తాధిపత్యం అడిగేవారు రేపు రావచ్చు. దరఖాస్తుదారు ఎన్ని వరుసలు రాశారని కాకుండా, వాటిలో ఎన్నింటిని తయారుచేసి కణాలపై పరీక్షించారో, ఆ ఫలితాలు కోరిన వర్గమంతటికీ ఏ ఆధారంతో వర్తిస్తాయో పేటెంట్ పరిశీలకులు అడగాలి. ఆ లెక్క చూపలేని దరఖాస్తును నిజంగా చేసి చూపినంత మేరకే కుదించాలి. ఇందుకు జీవరసాయన శాస్త్రం తెలిసిన పరిశీలకులను తగినంతమందిని నియమించి, ఒక్కో దరఖాస్తును చదివేందుకు చాలినంత సమయం ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వాలదే.