ఈఈజీ నార్మల్ అంటే మూర్ఛ లేనట్టేనా?

నిమ్స్, ఉస్మానియా, గాంధీ... హైదరాబాద్‌లో ఏ న్యూరాలజీ ఓపీకి వెళ్లినా జిల్లాల నుంచి ఫైళ్లు పట్టుకొచ్చినవాళ్లు కనిపిస్తారు. మూర్ఛ అనుమానంతో వచ్చినవారి ఫైల్లో ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను గీతలుగా చూపే పరీక్ష రిపోర్టు దాదాపు తప్పనిసరి. అందులో ‘నార్మల్’ అని ఉంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కొందరు మాత్రలూ ఆపేస్తారు. మెదడులో ఒక్కచోట మొదలయ్యే మూర్ఛ, అంటే ఫోకల్ ఎపిలెప్సీ విషయంలో ఇది ప్రమాదకరమైన నమ్మకం.

మామూలు ఈఈజీ 20, 30 నిమిషాల పరీక్ష. తలకు నూనె రాసుకోకుండా రమ్మంటారు. మాడు మీద పేస్టుతో వైర్లు అంటిస్తారు. మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు, కళ్ల ముందు లైటు మిణుకుమనిపిస్తారు. మెలకువగా కళ్లు మూసుకుని పడుకుంటే తల వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు లేచిపడే ఆల్ఫా తరంగాలు వస్తాయి. ఫోకల్ ఎపిలెప్సీ ఉన్నవారిలో ఆ తరంగాల నడుమ, ఫిట్స్ రాని వేళ కూడా, ఒకే చోట ఉన్నట్టుండి సూదిమొనలాంటి గీత లేవొచ్చు. అదే స్పైక్. సెకనులో పదో వంతు కూడా ఉండదు. చాలాసార్లు దాని వెనకే నిదానమైన అల ఒకటి వస్తుంది. పెద్దవాళ్లలో ఇది ఎక్కువగా కణతల దగ్గర, టెంపోరల్ లోబ్ ప్రాంతంలో కనిపిస్తుంది.

ఆ అరగంటలో స్పైక్ రాకపోతే? రిపోర్టు నార్మలే. మెదడు పైపొరలో కొన్ని చదరపు సెంటీమీటర్ల మేర కణాలు ఒక్కసారిగా స్పందిస్తేగానీ ఆ సంకేతం పుర్రె దాటి బయటి వైర్లకు అందదు. లోలోపలి మడతల్లో పుట్టింది అక్కడే అణగిపోతుంది. అందుకే మూర్ఛ ఉన్నవారిలో సుమారు సగం మందికి మొదటి ఈఈజీలో ఏమీ దొరకదు. నిద్రలో తీసి, మళ్లీ మళ్లీ తీస్తే పది మందిలో ఎనిమిది మందికి పైగా దొరుకుతుంది. రాత్రి తక్కువ నిద్రపోయి రమ్మనడం వెనక కారణం ఇదే. ల్యాబ్‌లు దీన్ని రోగికి విడమరిచి చెప్పాలి. చాలాచోట్ల చెప్పడం లేదు.

దీనికి ఎదురు తప్పూ ఉంది. వట్టి తలనొప్పికో, ఎండకు కళ్లు తిరిగి పడిపోయినందుకో ఈఈజీ తీయించి, అందులో అటూ ఇటూ కాని గీత చూసి ఏళ్ల తరబడి మూర్ఛ మందులు వాడించడం. ఏ జబ్బూ లేని కొద్దిమందిలోనూ స్పైక్‌లు కనిపిస్తాయి.

కాబట్టి అసలు సాక్ష్యం ఫిట్ వచ్చినప్పుడు చూసినవాళ్ల మాట. కడుపులోంచి ఏదో పైకి పాకినట్టుందని మనిషి చెబుతాడు. ఆపై చూపు నిలిచిపోతుంది, పెదాలు చప్పరిస్తాడు, చొక్కా గుండీలు తడుముతుంటాడు. ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటాడు, జరిగింది గుర్తుండదు. ఇంట్లో దీన్ని పరధ్యానం అంటారు, గాలి సోకిందంటారు. సంబంధాలు చూస్తున్న అమ్మాయి అయితే ఆ మాటా బయటికి రానివ్వరు. మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చెప్పిన మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు, అయినా ఇళ్లలో భయం పోలేదు. దాచిన లక్షణం డాక్టరుకు చేరదు. ఆ రెండు నిమిషాలను ఎవరైనా ఫోన్లో వీడియో తీస్తే అది నార్మల్ రిపోర్టు కన్నా ఎక్కువ చెబుతుంది.

మూర్ఛ రోగుల్లో సుమారు మూడో వంతు మందికి మందులతో ఫిట్స్ పూర్తిగా ఆగవు. సరిపడ్డ రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఆగకపోతే మూడో మందు, నాలుగో మందు అంటూ కాలం గడపకూడదు. రోజుల తరబడి వైర్లతో ఉంచి, ఫిట్ వచ్చినప్పుడు కెమెరాలో మనిషినీ, తెర మీద తరంగాలనూ కలిపి చూసే వీడియో ఈఈజీ హైదరాబాద్‌లోనే ఉంది. లయగా మొదలైన అలలు ఏ చోటు నుంచి పాకాయో అక్కడ తెలుస్తుంది. కొందరికి ఆపరేషన్ దారి తెరుచుకునేదీ అక్కడే. టెంపోరల్ లోబ్ మూర్ఛ మీద 2001లో వెలువడిన కెనడా పరిశోధనలో, ఏడాది తర్వాత స్పృహను దెబ్బతీసే ఫిట్స్ లేకుండా ఉన్నవారు ఆపరేషన్ వైపు 58 శాతం, మందుల వైపు 8 శాతం.