స్టాండ్‌బై సర్వర్ గారి సముఖమునకు

మహారాజశ్రీ స్టాండ్‌బై సర్వర్ గారికి నల్లగొండ ఆఫీసు నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మిర్యాలగూడ మిల్లులో తమరి పెద్దన్న, అంటే అసలు లెక్కలు రాసే ప్రైమరీ సర్వర్ గారూ క్షేమమే; తమరు వారి లెక్కలకు ఎప్పటికప్పుడు నకలు ఉంచవలసినవారు. యాసంగి వడ్ల లారీలు వస్తున్నాయి, కాంటా చిట్టీలు ఎక్కుతున్నాయి. తమరే శుక్రవారం రాత్రి దగ్గర ఆగిపోయారు.

కారణం లాగ్ ఫైల్‌లో విన్నవించారు: అడిగిన వాల్ సెగ్మెంట్, అంటే పెద్దన్నగారు ప్రతి మార్పునూ వరుసగా రాసుకునే చిట్టాలో ఒక ఫైలు, అప్పటికే తీసేశారట. అయిదు సెకన్లకోసారి అదే పాట. ఫైలు చూస్తే 16 ఎంబీ. పేరు 24 అక్షరాలు, సగం సున్నాలే. రోడ్డు తవ్వేవాళ్లు ఫైబర్ తెంపితే శని, ఆదివారాలు లైను లేదు. ఆలోగా పెద్దన్నగారు పాత ఫైళ్లు ఊడ్చేసుకున్నారు. తమరు ఎక్కడిదాకా తీసుకున్నారో గుర్తుంచుకునే రెప్లికేషన్ స్లాట్ ఉంటే తమరు వచ్చేదాకా దాచేవారు. మన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఆ సదుపాయం 2014 నుంచీ ఉంది, మిమ్మల్ని కూర్చోబెట్టి పోయిన వెండర్‌కు ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు. పాత వాల్ ఫైళ్లు ఎంతమేర ఉంచాలో చెప్పే వాల్ కీప్ సైజు సున్నా. ఆ ఫైళ్లను వేరేచోట దాచే ఆర్కైవ్ ఏదంటే "నెక్స్ట్ ఫేజ్‌ల సార్" అన్నాడు.

నడుమ ఒక్క ఫైలు లేకుంటే ముందుకు కదలరు. సరే, అది మీ ధర్మం, కాదనను. కానీ ఆగిపోయినట్టు ఒక్క ముక్క చెప్పొద్దా? రిపోర్టు అడిగితే మాత్రం దర్జాగా ఇచ్చారు. పైన మంగళవారం తేదీ, కింద శుక్రవారం స్టాకు! మానిటరింగ్ బోర్డు మీద పచ్చ లైటు, కనెక్షన్ అడిగితే పోర్టు పలుకుతుంది కదా మరి. సేటు ఫోన్ చేసి "నిన్న దిగిన లారీలు యాడవోయినయ్?" అంటే గుమస్తాను దొంగను చూసినట్టు చూసిరి. పాపం ఆయన చిట్టీలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటి చూపెట్టుకుంట కూసున్నడు. నువ్వేమో పక్క రూములనే ఏసీల సల్లగున్నవ్! తెల్వదంటే తెల్వదని చెప్పాలె గానీ, పాత లెక్క గంత ధీమాగ ఎట్ల చెప్తవ్?

ఇగ 16 ఎంబీ కోసం నీ దాంట్ల ఉన్నదంత తుడిచి డేటాబేస్ మొత్తం మళ్ల తేవాలె. పగటాల మొదలువెట్టిన బేస్ బ్యాకప్ ఆఖరికొచ్చినంక లైను తెగింది. ఆగిన కాన్నుంచి అందుకోదది, మళ్ల మొదటికే.

మళ్ల పెట్టిన. ఈసారి స్లాట్ కూడ పెట్టిన. నువ్వు పండుకుంటే ఫైళ్లు పేరుకపోయి పెద్దన్న డిస్కు నిండుతది, అందుకే దానికీ ఒక హద్దు పెట్టిన. సెకన్లల్ల ఎంత వెనకబడ్డవో నా ఫోన్‌కు మెసేజ్ వస్తది.

లైను ఇప్పుడు మంచిగనే ఉన్నది. సప్పుడు చెయ్యకుండ కాపీ కా.