సొరంగం లేని కోట కోటేనా?

మన దగ్గర కోట అనిపించుకోవాలంటే గోడలు కూలినా ఫర్వాలేదు, బురుజు మీద రావిచెట్టు మొలిచినా ఫర్వాలేదు. సొరంగం మాత్రం ఉండి తీరాలి. అది లేని గుట్టను ఆదివారం పూట బిర్యానీ డబ్బాలు మోసుకుంటూ ఎవరెక్కుతారు?

కరీంనగర్ పక్కనున్న ఎలగందుల ఖిల్లానే తీసుకోండి. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, అసఫ్‌జాహీలు... ఇంతమంది ఏలిన గుట్ట అని చెప్పి చూడండి, వినేవాడు ఆవులిస్తాడు. "ఇక్కడి నుంచి మానకొండూరు దాకా సొరంగం ఉందట" అనండి, వెంటనే ఫోన్లో టార్చి వేస్తాడు. జఫరుద్దౌలా 1754లో కట్టించిన దో మినార్, అంటే జంట మినార్ల కట్టడం, అక్కడే ఉంది. ఊపితే ఊగుతుందని ప్రతీతి. కానీ కంటికి కనబడే దానికి గిరాకీ ఎక్కడిది?

మొన్న మెట్ల పక్కన ఓ రాళ్ల సందులోకి ఒకాయన బామ్మర్ది తల దూర్చాడు. లోపల రెండు చిప్స్ ప్యాకెట్లు, నలిగిన నీళ్ల సీసా, గబ్బిలాల కంపు.

"బావా, గాలొస్తుంది! అటు దిక్కు తెరిచే ఉన్నట్టుంది."

"గా సీసా మానకొండూరు నుంచే కొట్టుకొచ్చిందేమో చూడు" అన్నాడు బావ గంభీరంగా. పరిశోధన అంటే అదీ.

మానకొండూరు చేరాలంటే మానేరు దాటాలి కదా అని కొందరు సందేహజీవులు అడుగుతారు. దాటుతుంది, నది కిందుగా. ఆ నది మీదే దిగువ మానేరు డ్యామ్ కట్టిన ఇంజనీర్లకు కూడా దొరకలేదంటే పనితనం ఎంత గొప్పదో ఊహించుకోండి.

ఓరుగల్లు సొరంగం సంగతి ఇంకా గొప్పది. కోట నుంచి వేయిస్తంభాల గుడి దాకా పోతుందని ఊరంతా చెబుతుంది. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ నెలల తరబడి ముట్టడి వేశాడు. ప్రతాపరుద్రుడు పట్టుబడ్డాడు, ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మదా తీరాన ప్రాణాలు వదిలాడు. కాళ్ల కింద అంత దారి పెట్టుకుని మహారాజు ఎందుకు తప్పించుకోలేదని చరిత్రకారులు బుర్ర గోక్కుంటారు. ఇందులో గోక్కోవాల్సిందేముంది? రహస్యమంటే రహస్యమే, రాజుకు కూడా చెప్పలేదు. గేటు దగ్గర చాయ్ బండి అన్నకు మాత్రం తెలుసు.

కాబట్టి ప్రభుత్వానికి ఒక విన్నపం. ఈ సొరంగాలన్నీ కలిపేస్తే మనకు మెట్రో వచ్చినట్టే. తవ్వకం ఖర్చు కాకతీయులే పెట్టేశారు, పట్టాలు వేసుకుంటే సరిపోతుంది.

ఒకప్పుడు జిల్లా కేంద్రం ఎలగందులే. 1905లో కరీంనగర్‌కు మారింది. కచేరీలు, కాగితాలు, గుమాస్తాలు అన్నీ ఆ సొరంగంలోంచే తరలి ఉంటాయని నా గట్టి నమ్మకం. ఇప్పటికీ ఏ ఆఫీసుకెళ్లి అడిగినా "మీ ఫైలు దారిలో ఉంది" అనే కదా అంటారు.