నడుము వంచొద్దని చెబితే సరిపోదు

గోదాములోనో ఫ్యాక్టరీలోనో ఎవరికైనా నడుము పట్టేస్తే ముందుగా వినిపించే మాట, ‘వాడికి సరిగ్గా ఎత్తడం రాదు’ అని. వెంటనే ఓ శిక్షణ తరగతి పెడతారు. మోకాళ్లు వంచండి, వీపు నిటారుగా ఉంచండి అంటూ ఒక పోస్టరు గోడకెక్కుతుంది. కొన్నాళ్లకు అదే ర్యాకు దగ్గర ఇంకొకరి నడుము పడుతుంది. ఎత్తే పద్ధతి నేర్పినంత మాత్రాన నడుము నొప్పులు తగ్గుతాయనడానికి తగిన ఆధారాలు లేవని ఈ విషయంపై వచ్చిన పరిశోధన సమీక్షలు చెబుతూనే ఉన్నాయి. శిక్షణ వద్దని కాదు. సరుకు ఉన్న చోటు, ఎత్తు, బరువు మార్చకుండా మనిషిని మాత్రమే మార్చాలనుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది.

అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 1991లో సవరించిన, ఎంత బరువు ఎత్తవచ్చో లెక్కగట్టే సూత్రం చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. అన్నీ కలిసొస్తే సిఫార్సు చేసే గరిష్ఠ బరువు 23 కిలోలు. అన్నీ అంటే: బరువు ఒంటికి దగ్గరగా, చీలమండల మధ్య నుంచి చేతిపట్టు వరకు 25 సెంటీమీటర్లలోపే ఉండాలి, నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, ఒళ్లు తిప్పకూడదు, పట్టు బాగా దొరకాలి, ఎత్తాల్సిన దూరం తక్కువుండాలి, ఎప్పుడో ఒకసారి మాత్రమే ఎత్తాలి.

ఇప్పుడు ఒక అట్టపెట్టెను నేల మీద పెట్టి చూడండి. చేతులు 50 సెంటీమీటర్ల దూరం చాచాల్సి వస్తే 23 కాస్తా సగమై 11.5 అవుతుంది. పట్టు నేలమట్టానికి దిగితే 8.9కి పడుతుంది. పక్కకు 45 డిగ్రీలు తిరిగి ఎత్తితే 7.6 కిలోలే మిగులుతాయి. పెట్టె మీద ‘15 కిలోలు’ అని చూసి తేలికే అనుకుంటాం గానీ, అక్కడ, ఆ భంగిమలో అది సిఫార్సుకు రెట్టింపు. అదీ ఎన్నిసార్లు ఎత్తుతున్నారన్నది ఇంకా లెక్కలోకి తీసుకోకముందే. మిగతావన్నీ సవ్యంగా ఉన్నా, నిమిషానికి 5 సార్లు చొప్పున 8 గంటల షిఫ్టంతా ఎత్తితే 23 కిలోలు దాదాపు 8కి పడిపోతాయి.

దూరం ఇంతలా దెబ్బతీయడానికి కారణం మన ఒంటి నిర్మాణమే. నడుము కండరాలు వెన్ను కీలుకు వెనక సుమారు 5 సెంటీమీటర్ల దూరం నుంచి లాగుతాయి. 10 కిలోలు వెన్నుకు 50 సెంటీమీటర్లు ముందుంటే ఆ కండరాలు దాదాపు 100 కిలోల బలంతో లాగాలి. ముందుకు వంగిన పైఒంటి బరువు దీనికి అదనం. ఆ ఒత్తిడంతా నడుము కింది డిస్కుల మీదే పడుతుంది.

పోస్టరు చెప్పే మాట పెద్ద పెట్టెల దగ్గర బెడిసికొట్టేది కూడా ఇందుకే. పెట్టె మోకాళ్ల మధ్య పడితేనే గొంతుకూర్చుని ఎత్తడం మేలు. అంతకంటే వెడల్పైతే మోకాళ్లే అడ్డొచ్చి బరువును ముందుకు నెట్టేస్తాయి, దూరం ఇంకా పెరుగుతుంది. పైగా ప్రతిసారీ పూర్తిగా కూర్చుని లేస్తుంటే తొడలు త్వరగా అలసిపోతాయి. కాసేపటికి ఎవరైనా మళ్లీ నడుము వంచే ఎత్తుతారు. దాన్ని క్రమశిక్షణ లేకపోవడం అనడం అన్యాయం.

కాబట్టి ముందు సరుకును నేల మీద నుంచి లేపాలి. ఖర్చు లేని దారి, సరుకున్న ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలకల వేదిక) కింద రెండు మూడు గట్టి ఖాళీ ప్యాలెట్లు వేయడం. ఒక్కొక్కటీ సుమారు 15 సెంటీమీటర్లు ఎత్తుంటుంది. డబ్బు పెట్టగలిగితే, సరుకు తరిగే కొద్దీ పైకి లేపే హైడ్రాలిక్ లిఫ్ట్ టేబుల్ కొనాలి. ప్యాలెట్‌ను గోడకు ఆనించకుండా చుట్టూ తిరిగే చోటు వదిలితే అవతలి వరుసకు చేతులు చాచే పని తప్పుతుంది. ర్యాకుల్లో బరువైనవి, తరచూ తీసేవి నడుము ఎత్తులో ఉండాలి; అడుగు అరలు, పై అరలు తేలికపాటి వాటికి. తీసే చోటుకూ పెట్టే చోటుకూ మధ్య రెండడుగులు నడిచేంత ఎడం ఉంచండి. మరీ పక్కపక్కనే ఉంటే పాదాలు కదపకుండా నడుము తిప్పేస్తారు.

నడుము బెల్టులు కొని పంచడం మరో తప్పుదారి. ఆరోగ్యంగా ఉన్న కార్మికులకు అవి గాయాలు తప్పిస్తాయని రుజువు కాలేదని నియోష్ 1994లోనే తేల్చింది. ఇద్దరు పడితే రెట్టింపు ఎత్తవచ్చన్నదీ నిజం కాదు. ఇద్దరి శక్తి మొత్తంలో మూడింట రెండొంతులు, ముగ్గురైతే సగమే లెక్కకు తీసుకోవాలి. అడుగులు కలవవు, బరువు ఒకరి వైపు ఒరుగుతుంది. దాన్ని బండి మీద పెట్టి తోయడమే మంచిది, అదీ లాగకుండా. చక్రాలు పెద్దవైతే నేల అతుకుల దగ్గర ఇరుక్కోవు.

బస్తా ఎంత బరువుండాలో మోసేవాడు నిర్ణయించడు, కొనుగోలు విభాగం నిర్ణయిస్తుంది. 50 కిలోల బదులు 20 కిలోల సంచుల్లో ఇవ్వమని, లేదా యంత్రంతోనే దింపగలిగే పెద్ద సంచుల్లో పంపమని సరఫరాదారును ఆ విభాగమే అడగాలి. అలాగే గాయాల రిజిస్టరులో ‘జాగ్రత్తగా ఎత్తలేదు’ అని రాసి వదిలేయకుండా, పెట్టె బరువు, నేల నుంచి దాని ఎత్తు, చేతులు చాచిన దూరం, గంటకు ఎన్నిసార్లు ఎత్తారన్నది టేపుతో కొలిచి, లెక్కపెట్టి రాయించాలి. ఆ నాలుగు అంకెలుంటే ఆ ర్యాకు దగ్గర ఏది మార్చాలో తెలుస్తుంది.