పదకొండు వేల కాన్పులు, లెక్కకు ఒక్కటి

గత వారం మా వైద్య కళాశాలలో ప్రమోషన్ ఇంటర్వ్యూలు జరిగాయి. పద్నాలుగేళ్లుగా గర్భిణుల ఆరోగ్యం మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మను కమిటీ అడిగిన మొదటి ప్రశ్న: "మీ హెచ్-ఇండెక్స్ ఎంత?" ఆమె "ఏడు" అన్నారు. ఆ తర్వాత అడిగినవన్నీ మొక్కుబడి ప్రశ్నలే. ఆమె దగ్గర గణాంకాలు చూసేవాణ్ని కాబట్టి ఆ ఏడు వెనక ఏముందో నాకు తెలుసు. తెలిసి ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

ఈ హెచ్-ఇండెక్స్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒక వ్యాసాన్ని వేరే వ్యాసం ఉదహరిస్తే అది ఒక సైటేషన్. మీ వ్యాసాల్లో పదింటికి తలా పది సైటేషన్లైనా ఉంటే మీ సూచిక పది. మొత్తం ఏడు వ్యాసాలే రాసిన మనిషికి, ఒక్కోదానికి వెయ్యి సైటేషన్లు వచ్చినా, సూచిక ఏడు దాటదు. భౌతిక శాస్త్రంలో దాని బాగోగులు ఆ రంగం వారు చెప్పాలి. కాన్పుల పరిశోధనకు మాత్రం అది తగిన కొలత కాదు. మూడో నెలలో పేరు రాసుకున్న తల్లి ప్రసవించేదాకా ఎవరైనా ఆగాల్సిందే.

పైగా మన ఆడపిల్లలు కాన్పుకు పుట్టింటికి వెళ్తారు. బెంగళూరులో ఈ పని చేసేవాళ్లకు అదే పెద్ద గండం. యలహంకలో అద్దె గదిలో ఉండే అమ్మాయి నెలనెలా వస్తుంది, బీపీ చూపించుకుంటుంది, రక్తం ఇస్తుంది. ఏడో నెలలో సీమంతం చేసి మదనపల్లెకో హిందూపురానికో తీసుకుపోతారు. అక్కడ ఫోను నంబరు మారిపోతుంది. భర్తకు చేస్తే ఎత్తడు. కాన్పు ఎన్నో వారంలో అయింది, బిడ్డ బరువెంత అన్న రెండు గడులు ఖాళీగా ఉండిపోతే అంతకుముందు పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

అందుకే మేడమ్ బల్ల మీద ఒక పొడుగాటి రిజిస్టరు ఉంటుంది. ప్రతి పేరు పక్కన మూడు నంబర్లు: అమ్మాయిది, ఆమె తల్లిది, పుట్టింటి ఊళ్లోని ఆశా కార్యకర్తది. సాయంత్రం ఓపీ ముగిశాక తనే ఫోను చేస్తారు. "నేనమ్మా, బెంగళూరు డాక్టరమ్మను. పాప పాలు తాగుతోందా? డిశ్చార్జి కాగితం దగ్గరుందా? బరువు అని ఎక్కడ రాశారో చూసి చదువు తల్లీ." అవతలి నుంచి అంకె వినిపించగానే రాసేసుకోరు. ఆ తూకం పుట్టిన రోజుదా, ఇంటికి పంపిన రోజుదా అని అడుగుతారు. పుట్టిన తొలి రోజుల్లో పసివాళ్లు కొంత బరువు తగ్గుతారు కదా, మూడో రోజు తూకాన్ని పుట్టిన బరువుగా రాస్తే లెక్క తప్పుతుంది. ఇన్నేళ్లలో ఆమె చేతిలోంచి జారిపోయిన తల్లులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇదే బెంగళూరులో జరిగిన కాల్షియం ప్రయోగం చూడండి. ఫలితాలు 2024 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఇక్కడ 11,000 మంది తొలిచూలు గర్భిణులు, టాంజానియాలో మరో 11,000 మంది. రోజుకు 1,500 మిల్లీగ్రాములు ఇచ్చినవారితో పోలిస్తే 500 మాత్రమే తీసుకున్నవారిలో ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భిణుల్లో బీపీ పెరిగి ప్రమాదం తెచ్చే జబ్బు, ఎక్కువ కాలేదు. ఇక్కడి తల్లుల్లో అది 1,500 తీసుకున్నవారిలో 3.6 శాతం, 500 తీసుకున్నవారిలో 3.0 శాతం. మూడు మాత్రల చోట ఒకటి! వేవిళ్లతో మంచినీళ్లే మింగలేని అమ్మాయికి, ఆ మాత్రలు కొనాల్సిన ప్రభుత్వానికి అది ఎంత ఊరటో చెప్పనక్కరలేదు. అంత పనీ ఆ పరిశోధకుల సూచికలో చేరేది ఒకే ఒక్క వ్యాసంగా.

అదే సమాచారాన్ని ముక్కలు కోసి, బీపీ మీద ఒకటి, హిమోగ్లోబిన్ మీద ఒకటి, తల్లి బరువు మీద ఇంకొకటి రాసి, ఒకదాంట్లో మరొకదాన్ని ఉదహరించుకుంటే సూచిక పెరుగుతుంది. ఇది తప్పని అందరికీ తెలుసు, అయినా ప్రమోషన్ దానికే. ఇంతకంటే ఘోరం కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో ప్రసూతి వైద్య ఆచార్యుడు బెన్ మోల్, ఆయన సహచరులు ఈ రంగంలో నమ్మశక్యం కాని ప్రయోగాలను ఏళ్లుగా వెతికి పట్టుకుంటున్నారు. కొన్ని వ్యాసాలను పత్రికలు వెనక్కి తీసుకున్నాయి. కానీ అలాంటివి ఈలోపే సమీక్షల్లోకి, అక్కడి నుంచి చికిత్స మార్గదర్శకాల్లోకి చేరగలవు. లేబర్ రూములో ఉన్న డాక్టరు వాటిని నమ్మి మందు ఇస్తారు. సైటేషన్‌కు నిజం అబద్ధం తేడా తెలియదు, తప్పు పట్టడానికి ఉదహరించినా అంకె పెరుగుతుంది.

కమిటీల్లో కూర్చునే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ప్రసూతి పరిశోధకులు ఎవరైనా మీ ముందుకు వస్తే, చేర్చుకున్న తల్లుల్లో ఎంతమంది కాన్పు వివరాలు మీ దగ్గర ఉన్నాయని అడగండి. రిజిస్టరు తెచ్చి చూపించమనండి. మా మేడమ్‌ది మూడు సంపుటాలు, మోయడానికి నేను వస్తాను.