జారవాల అడవిలో టూరిస్టు బండ్లు ఎందుకు?

దసరా నుంచి సంక్రాంతి దాకా అండమాన్‌కు సీజన్. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ నెలల్లో అక్కడికి వెళ్ళివస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ)లో సొంతూరికి బదులు అండమాన్ వెళ్ళే వెసులుబాటు ఉంటోంది. కొత్తగా పెళ్ళయిన జంటలకు పాస్‌పోర్టు అక్కర్లేని సముద్రతీరం అది. వెళ్ళాలి, తప్పకుండా చూడాలి. సెల్యులార్ జైలు కొట్ల ముందు నిలబడినప్పుడు కలిగే భావం పుస్తకాలు చదివితే రాదు. మా అభ్యంతరమల్లా ఆ ప్యాకేజీల్లో చాలావాటిలో కనిపించే ఒక్క రోజు కార్యక్రమం మీదే: రోడ్డు మార్గంలో బారాటాంగ్ దీవి గుహల యాత్ర.

ఆ రోజు ఎలా గడుస్తుందో వెళ్ళొచ్చినవాళ్ళకు తెలుసు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లవారుజామున మూడింటికే హోటల్ ముందుకు బండి వచ్చేస్తుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు చేరేసరికి ఇంకా చీకటి వీడదు, అయినా అప్పటికే కార్లు, టెంపో ట్రావెలర్లు, బస్సులు బారులు తీరి ఉంటాయి. డ్రైవరు అందరి గుర్తింపు కార్డుల కాపీలు పట్టుకుని ఫారం ఇవ్వడానికి పరుగెత్తుతాడు. పిల్లలు నిద్రకళ్ళతోనే రోడ్డు పక్క కొట్లో టిఫిన్ తింటారు. ఆరింటికి గేటు ఎత్తితే పోలీసు కాపలాతో బండ్లన్నీ ఒకే వరసలో కదులుతాయి. అక్కణ్ణుంచి బారాటాంగ్‌కు బల్లకట్టు ఎక్కే మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా 49 కిలోమీటర్లు జారవా అనే ఆదిమ తెగకు కేటాయించిన రిజర్వు అడవి గుండా ప్రయాణం. మధ్యలో ఆగకూడదు, ఓవర్‌టేక్ చెయ్యకూడదు, 40 కిలోమీటర్ల వేగం మించకూడదు, ఫొటోలు తియ్యకూడదు, కిటికీలోంచి తినేవి విసరకూడదు. బోర్డుల మీద అన్నీ స్పష్టంగా రాసి ఉన్నాయి.

ఈ నిబంధనలన్నీ చివరికి డ్రైవరు ఒక్కడి మీద ఆధారపడి ఉన్నాయి. గేటు దాటాక బండి లోపల ఏం జరుగుతోందో చూసేవాళ్ళు ఉండరు. "అన్నా, కాస్త స్లో చెయ్యి, కనపడతారేమో" అని వెనక సీటు నుంచి ఒకరంటారు. ఫోను కిటికీ అంచుకి చేరుతుంది. సాయంత్రానికి టిప్పు ఇవ్వాల్సింది, రేపు ఇంకో నలుగురికి తన నంబరు చెప్పాల్సింది ఆ వెనక సీట్లోవాళ్ళే కాబట్టి డ్రైవరు గట్టిగా కాదనలేడు. మనుషుల్ని చూడడానికి మనుషులు బండ్లలో బయల్దేరే ఈ వ్యవహారాన్ని జూ సఫారీతో పోల్చినవారు చాలామంది ఉన్నారు. ఆ మాట కటువుగా ఉన్నా అందులో అతిశయోక్తి లేదని మా అభిప్రాయం.

ఇక్కడ ఒక విషయం చాలామంది పర్యాటకులకు తెలియదు, టూర్ ఏజెంట్లు చెప్పరు. ఈ రోడ్డులో జారవా రిజర్వుకు సంబంధించిన భాగాలను మూసెయ్యమని సుప్రీంకోర్టు 2002 మే 7న ఆదేశించింది. అండమాన్ అడవుల పరిస్థితిపై కోర్టే నియమించిన శేఖర్ సింగ్ కమిషన్ క్షేత్రస్థాయిలో తిరిగి ఇచ్చిన నివేదిక ఆధారంగా ఇచ్చిన ఆదేశం అది. రెండు దశాబ్దాలు దాటిపోయాయి. కేంద్రంలో ప్రభుత్వాలు మారాయి, అండమాన్‌కు లెఫ్టినెంట్ గవర్నర్లు మారారు. రోడ్డు మాత్రం మూతపడలేదు. దేశంలో అత్యున్నత న్యాయస్థానం వద్దన్న దారిలో, పోలీసు కాపలాతో, ప్రభుత్వమే టైం ప్రకారం గేటు ఎత్తి బండ్లను పంపుతోంది. ట్రాఫిక్ నిబంధనల ఉల్లంఘన అనగానే హెల్మెట్ లేని కుర్రాడిని పట్టుకుంటాం. ఇంత పెద్ద ఉల్లంఘన మాత్రం ఎవరికీ ఉల్లంఘనగానే కనిపించడం లేదు.

జారవాల సంఖ్య 2001 జనగణనలో 240, 2011లో 380. ఒక మాదిరి తెలుగు పల్లెలో ఒక వీధి జనాభా. దక్షిణ, మధ్య అండమాన్ దీవుల పడమటి వైపు 1,028 చదరపు కిలోమీటర్ల రిజర్వు వాళ్ళకు మిగిలింది. పందిని, ఉడుమును వేటాడి, చేపలు పట్టి, తేనె, దుంపలు సేకరించి బతికే జాతి. 1970లలో ఈ రోడ్డు వేస్తుంటే వాళ్ళు విల్లంబులతో అడ్డుకున్నారు, రెండు వైపులా ప్రాణాలు పోయాయి. 1990ల చివరలోనే వాళ్ళు తమంత తాము నిరాయుధంగా బయటి మనుషుల దగ్గరకు రావడం మొదలైంది. ఆ వెంటనే, 1999లో, తట్టు సోకింది. 2006లో మళ్ళీ సోకింది. మన ఇంట్లో పిల్లకు తట్టు వస్తే వేపాకు పరిచి పడుకోబెడతాం, వారం పది రోజులకు లేచి ఆడుకుంటుంది. తరతరాలుగా ఆ క్రిమినే ఎరగని శరీరాలకు అదే తట్టు ఊరంతటినీ మంచాన పడేసే జబ్బు. మనం విసిరే బిస్కెట్ పొట్లంతో పాటు మన దగ్గూ జలుబూ కూడా వెళతాయి.

2012 జనవరిలో జారవా స్త్రీల చేత పర్యాటకుల ముందు తిండి ఆశ చూపి డాన్స్ చేయిస్తున్న వీడియో ఒకటి బ్రిటన్ పత్రిక ద్వారా బయటికొచ్చింది. దేశమంతా సిగ్గుపడింది. పార్లమెంటులో మాట్లాడారు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలను సవరించి శిక్షలు పెంచారు. 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఈ రోడ్డు మీద పర్యాటకుల రాకపోకలను ఆపింది. రెండు నెలలు తిరక్కుండానే, మార్చిలో, ఆ నిషేధం తొలగిపోయింది. జిర్కాటాంగ్ గేటు ముందు క్యూ మళ్ళీ మొదలైంది. అప్పటికీ ఇప్పటికీ మారిందల్లా ఒక్కటే: అప్పుడు కెమెరా కొందరి చేతుల్లోనే ఉండేది, ఇప్పుడు బండిలో ఎంతమంది ఉంటే అన్ని కెమెరాలు.

రోడ్డు పూర్తిగా మూసెయ్యడం అంత సులువు కాదన్నది మాకు తెలుసు. ఈ రోడ్డుకు ఉత్తరాన ఉన్న రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్‌లలో వేల కుటుంబాలున్నాయి. తూర్పు పాకిస్థాన్ నుంచి శరణార్థులుగా వచ్చి ప్రభుత్వం ఇచ్చిన భూమిలో స్థిరపడ్డ బెంగాలీలు, అడవి పనులకు రాంచీ వైపు నుంచి తీసుకొచ్చిన ఆదివాసీలు, తమిళులు, మలయాళీలు, మనవాళ్ళు. పెద్ద ఆసుపత్రి అంటే శ్రీ విజయపురంలోని జీబీ పంత్ ఆసుపత్రే. ఓడకు టికెట్ దొరక్కపోతే, తుపాను హెచ్చరికతో ఓడలే ఆగిపోతే వాళ్ళకు మిగిలేది ఈ రోడ్డు. పురిటి నొప్పులు పడుతున్న కూతుర్ని తీసుకుపోయే తండ్రికి, పరీక్షకు వెళ్ళే విద్యార్థికి ఈ దారి మూసేస్తామని చెప్పే హక్కు, ముందు నమ్మకమైన ఓడ సర్వీసు ఇవ్వనిదే, ఎవరికీ లేదు. కోర్టు ఆదేశం అమలు కావాలంటే ఆ ఏర్పాటు ముందు జరగాలి. కానీ పర్యాటకుడి సంగతి వేరు. అతనికి ఆ దారిలో అత్యవసరం ఏమీ లేదు. గుహలు చూడకపోతే నష్టపోయేది ఒక ఫొటో ఆల్బమ్. పైగా కాన్వాయ్‌లో స్థానికుడి బస్సు, లారీ కూడా టూరిస్టు బండ్ల మధ్యే నిలబడాల్సి వస్తోంది. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బల్లకట్టు మీద చోటు కోసం రెండు రకాలవాళ్ళూ ఒకే వరసలో వేచి ఉంటున్నారు. టూరిస్టు బండ్లు తప్పుకుంటే జారవాలకే కాదు, దిగ్లీపూర్ రైతుకు కూడా దారి దొరుకుతుంది.

బారాటాంగ్ బోటువాళ్ళ గతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మడ అడవుల మధ్య నుంచి స్పీడ్‌బోటులో గుహల దాకా తీసుకెళ్ళేవాళ్ళు, రేవు దగ్గర భోజనం పెట్టేవాళ్ళు ఆ పర్యాటకుల మీదే బతుకుతున్నారు. అందుకే మేము బారాటాంగ్ మానెయ్యమనడం లేదు, రోడ్డు మానెయ్యమంటున్నాం. బారాటాంగ్ దీవే. దీవికి పడవ మీద పోవడంలో వింత లేదు. రాజధాని నుంచి సముద్ర మార్గంలో పర్యాటకులను తీసుకెళ్ళడం గురించి అండమాన్ పాలనా యంత్రాంగం ఏళ్ళ తరబడి మాట్లాడుతూనే ఉంది. స్వరాజ్ ద్వీప్‌కు, అంటే పాత హేవ్‌లాక్‌కు, రోజూ ఏసీ క్రూయిజ్‌లు నడుస్తున్నాయి. టికెట్ ఖరీదైనా జనం ఎక్కుతున్నారు. రోడ్డు తెరిచి ఉన్నంతకాలం ఓడ వైపు ఎవరూ పోరు, ఓడకు జనం లేరన్న సాకు దొరుకుతూనే ఉంటుంది. ఒకసారి టూరిస్టులకు గేటు మూస్తే పడవలు వాటంతటవే వస్తాయి.

వెంటనే చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. 2023 జులైలో శ్రీ విజయపురం విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. ఏడాదికి 50 లక్షల మంది ప్రయాణికులు రాకపోకలు సాగించే సామర్థ్యం దానిది. 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ మొత్తం జనాభా 3 లక్షల 80 వేలు. విమానం దిగినవాళ్ళందరూ కారో, స్కూటరో ఎక్కాలి కదా! ఆ నగరంలోని అబర్డీన్ బజార్, గోల్‌ఘర్, జంగ్లీఘాట్ వీధులు కొండవాలు మీద పాతకాలంలో వేసినవి, వెడల్పు చేద్దామంటే ఒకవైపు గట్టు, ఒకవైపు సముద్రం. బస్సు టైముకి రాదని ఉద్యోగి బండి కొంటాడు, పిల్లల బడికని రెండో బండి కొంటాడు. సీజన్‌లో వాటికి టాక్సీలు తోడవుతాయి. ప్రతి బండీ ఓడ మీద రావాల్సిందే, ఉప్పుగాలికి త్వరగా తుప్పు పట్టాల్సిందే, పనికిరాకుండా పోయాక ఆ దీవిలోనే ఎక్కడో ఒక మూల పడి ఉండాల్సిందే. అద్దె వాహనాల సంఖ్యకు పరిమితి పెట్టకుండా టెర్మినల్ ఒక్కటే పెంచుకుంటూ పోతే భారం మోసేది స్థానికులే.

స్వరాజ్ ద్వీప్‌లో సమస్య స్కూటర్లది. రేవు దిగగానే అద్దె స్కూటర్లు దొరుకుతాయి. రాధానగర్ బీచ్ అక్కడికి సుమారు 12 కిలోమీటర్లు. దేశమంతటికీ ఒకే టైం కాబట్టి డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికే సూర్యుడు మునుగుతాడు. సూర్యాస్తమయం చూశాక బీచ్‌లో ఉన్నవాళ్ళందరూ ఒకేసారి లేచి బండ్లు స్టార్ట్ చేస్తారు. పది నిమిషాల్లో చీకటి కమ్ముతుంది. అడవి మలుపులు, ఎదురుగా జీపు లైట్లు, రోడ్డు మీద ఆవులు. హెల్మెట్ హ్యాండిల్‌కు వేలాడుతుంటుంది, వెనక కూర్చున్నవాళ్ళ తలకు అదీ ఉండదు. ఊళ్ళో ఎప్పుడూ బండి నడపనివాళ్ళు, లైసెన్సు ఇంట్లో వదిలేసి వచ్చినవాళ్ళు, బీరు తాగినవాళ్ళు కూడా ఆ గుంపులో ఉంటారు. తలకు దెబ్బ తగిలితే ఆ దీవిలో ఉన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. పెద్దాసుపత్రికి పోవాలంటే మధ్యలో సముద్రం. హెలికాప్టర్ దొరకాలి, లేదా తెల్లారి ఓడ కోసం ఆగాలి. మన ఊళ్ళో 108 వచ్చే ధైర్యంతో అక్కడ బండి నడపకూడదు. మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయల జరిమానా, తాగి నడిపితే మొదటిసారికే 10,000 దాకా జరిమానా లేదా ఆరు నెలల జైలు ఉన్నాయి. ఆ చట్టం దీవులకూ వర్తిస్తుంది. అద్దెకిచ్చేవాడే రెండు హెల్మెట్లు చేతికిచ్చి, లైసెన్సు చూసి మరీ తాళం ఇవ్వాలన్న షరతు పెట్టి, తప్పితే అతని పర్మిట్ రద్దు చేస్తే పరిస్థితి ఒక్క సీజన్‌లో మారుతుంది. సాయంత్రం వేళ రాధానగర్ నుంచి వరసగా బస్సులు నడిపితే సగంమందికి స్కూటరే అక్కర్లేదు.

మళ్ళీ బారాటాంగ్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే స్కూటరు మీద పడినవాడు తన తప్పుకు తను దెబ్బ తింటాడు, జారవా తను చెయ్యని తప్పుకు తింటాడు. తెలుగువారికి ఈ దీవులతో ఉన్న బంధం నిన్నటిది కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు జంగ్లీఘాట్‌లో తరాలుగా ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం అక్కడ ప్రతి వందమందిలో పదముగ్గురి మాతృభాష తెలుగు. విశాఖ రేవు నుంచి అక్కడికి ఓడ ఉంది. ఆ దీవుల మంచిచెడులు మాట్లాడే హక్కు, బాధ్యత రెండూ మనకున్నాయి. కాబట్టి మన ఇంటి నుంచే మొదలుపెట్టాలి. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లోని టూర్ ఆపరేటర్లు తమ ప్యాకేజీల నుంచి రోడ్డు మీది బారాటాంగ్ యాత్రను ఈ సీజన్ నుంచే తొలగించాలి. కోర్టు ఆదేశం ఉన్న సంగతి కస్టమర్‌కు ముందే చెప్పాలి. ప్రయాణం బుక్ చేసుకునే పాఠకులను కూడా కోరుతున్నాం: ఆ రోజును శహీద్ ద్వీప్‌కో, చిడియా టాపూకో, సెల్యులార్ జైలు ఎదురుగా ఉన్న నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌కో మార్చమని ఏజెంటును అడగండి. మూడింటికి లేవాల్సిన పని ఉండదు.

కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి నిర్ణయం కేంద్ర హోంశాఖ చేతిలో ఉంది. జిర్కాటాంగ్ గేటు రోజుకు ఎన్ని పర్యాటక వాహనాలను దాటిస్తోంది, 2002 ఆదేశం అమలుకు ఇంతవరకు ఏం చేశారు, సముద్ర మార్గంలో పర్యాటకుల సర్వీసు ఏ తేదీకి పూర్తిస్థాయిలో నడుస్తుంది, ఉత్తరాది దీవుల ప్రజలకు అదనపు ఓడలు ఎన్ని ఇస్తారు: ఈ నాలుగు ప్రశ్నలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఎంపీలు పార్టీలతో పని లేకుండా వచ్చే పార్లమెంటు సమావేశాల్లో అడగాలి. లిఖితపూర్వకంగా వచ్చే సమాధానాన్ని ఈ పత్రిక పూర్తి పాఠంతో ప్రచురిస్తుంది.