శ్రీయుత బెడ్ రెస్ట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బెడ్ రెస్ట్ గారి దివ్యసముఖమునకు,

బెంగళూరు మారతహళ్ళి నుంచి, నడుం నొప్పీ మెడ నొప్పీ గల ఇద్దరు పిల్లల తల్లి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. కానీ కుశలం మీ వైపు మాత్రమే ఉంది కాబట్టి ఆ మర్యాద వదిలేస్తున్నాను.

డాక్టరు గారు మాత్రలు రాశారు, పూసుకునే జెల్ రాశారు, అన్నిటికంటే కింద మీ పేరు రాశారు. దాని పక్కనే ‘బరువులు ఎత్తరాదు’ అని గీత కూడా గీశారు. “పిల్లలు కూడా బరువుల కిందికే వస్తారా సార్?” అని అడిగితే, “వీలైనంత తక్కువ ఎత్తండమ్మా” అని నవ్వి, తర్వాతి టోకెన్ పిలిపించారు. మా పెద్దాడు పద్నాలుగు కిలోలు, చిన్నది తొమ్మిది. మొత్తం ఇరవై మూడు. అమెరికాలో కార్మికుల క్షేమం చూసే నియోష్ అనే సంస్థ బరువులెత్తడానికి ఒక లెక్క కట్టింది. అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి దగ్గరగా ఉండి, నడుం మెలిపడకుండా, పట్టు బాగా దొరికితే, గరిష్ఠంగా 23 కిలోలు. నేను సరిగ్గా గీత మీద ఉన్నానన్నమాట. కాకపోతే ఆ లెక్క పెట్టెలకి కట్టింది. పెట్టె అయితే, ఎత్తుతుండగా విల్లులా వెనక్కి విరుచుకుని “నాన్న కావాలి” అని ఏడవదు.

మనకి అసలు పరిచయమే లేదని అనను. బాలింతగా ఒంగోల్లో పుట్టింట్లో ఉన్నప్పుడు మీరు వచ్చారు. అమ్మ పాత నూలు చీరతో నడుం కట్టు బిగించేది, పత్యం అన్నం మంచం దగ్గరికే తెచ్చేది, పిల్లాడికి నలుగు పెట్టి నీళ్ళు పోసేది, రాత్రి వాడు ఏడిస్తే పాలివ్వడానికి మాత్రమే నన్ను లేపేది. ఆ సుఖమంతా మీ చలవే అనుకుని తెగ పొంగిపోయాను. ఇప్పుడు తెలిసింది, అది అమ్మ చాకిరీ. పేరు మాత్రం మీకొచ్చింది.

మీతో అసలు చిక్కే అది. మీరు ఒక గుమ్మంలో అడుగు పెట్టాలంటే ముందు ఆ ఇంట్లో ఇంకొకరు లేచి నిలబడాలి. పిల్ల ముడ్డి కడగడానికి, కుక్కరు విజిల్స్ లెక్కపెట్టడానికి, స్కూల్ వ్యాన్ దగ్గరికి పరిగెత్తడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి సంగతి ఏ మందుల చీటీలోనూ ఉండదు. అమ్మని పిలుద్దామంటే ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మాది లిఫ్ట్ లేని మూడో అంతస్తు. అత్తయ్య ఫోన్లో “మా రోజుల్లో...” అని మొదలుపెడతారు. నేను స్పీకర్ ఆన్ చేసి గిన్నెలు కడుక్కుంటాను.

మా ఆయనకి జలుబు చేస్తే మాత్రం మీరు పిలవకుండానే వస్తారు. వచ్చి తలుపు కూడా గడియ పెట్టుకుంటారు. ఆయన చెడ్డవారేం కాదు లెండి. నేను మూలిగినప్పుడల్లా “కాస్త రెస్ట్ తీసుకోవచ్చుగా” అంటారు, ల్యాప్‌టాప్ మీదికి వంచిన తల ఎత్తకుండానే. ఆ మెడకి కూడా రోజులు దగ్గర పడ్డాయని నా అనుమానం.

ఇక మెడ పట్టీ సంగతి. అది నా మెడ మీద కంటే పెద్దాడి తల మీదే ఎక్కువసేపు ఉంటోంది. వాడికది కిరీటం. ఫిజియోథెరపీ కూడా మొదలుపెట్టాను. అక్కడ ఓపిగ్గా సాగదీసిన కండరాలని, ఇంటికొచ్చే దారిలో ఆటో, గుంతలు, స్పీడ్ బ్రేకర్లు కలిసి యథాస్థానానికి చేర్చేస్తాయి.

ఇంతగా మీకోసం ఎదురుచూస్తున్నాను కదా అని, ఒక రాత్రి నిద్రపట్టక మీ గురించి వాకబు చేశాను. అయ్యా, మీ ఉద్యోగం ఎప్పుడో ఊడిందట! 1986లోనే అమెరికా డాక్టర్లు మామూలు నడుం నొప్పితో వచ్చినవాళ్ళలో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు మిమ్మల్ని రాసిచ్చి చూశారు. రెండు రోజుల వాళ్ళు పనికి తక్కువ రోజులు నాగా పెట్టారు. వారం రాసిచ్చినవాళ్ళకి అదనంగా ఒరిగిందేమీ లేదు. 1995లో హెల్సింకీ నగరపాలక ఉద్యోగుల మీద ఇంకో పరీక్ష చేశారు. మంచమెక్కినవాళ్ళ కన్నా, వ్యాయామాలు చేసినవాళ్ళ కన్నా, ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకున్నవాళ్ళే బాగా కోలుకున్నారు. నేను చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు మీకోసం వెతుకుతుంటే, మీరు ఎప్పుడో రిటైరైన మనిషి!

ఈ మాట ఇంట్లో చెప్పడం కొంప ముంచింది. “చూశావా, పనులు చేసుకుంటేనే మంచిదట” అని ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది. ఓర్చుకోగలిగినంతలో అన్న ముక్క ఎవరి చెవినా పడలేదు. చిన్నది చంకలో, ఉప్పు బస్తా ఆటంటూ పెద్దాడు వీపు మీద, చేతిలో సాంబారు గిన్నె. హెల్సింకీ వాళ్ళు మామూలు పని అన్నది దీన్ని కాదని నా గట్టి నమ్మకం.

(కాళ్ళు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు పోయినా ఇలా లేఖలు రాస్తూ కూర్చోను. అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి పోతాను. అది మీ వల్లా కాదు, నా ఓర్పు వల్లా కాదు.)

మీరు రారని ఖాయమయ్యాక నా ఏర్పాట్లు నేను చేసుకున్నాను. డైపర్ మార్చడం నేల మీద నుంచి నడుమెత్తు బల్ల మీదికి మారింది. ఒక చెయ్యి ఎప్పుడూ పిల్ల మీదే ఉండాలి, అదొక్కటే జాగ్రత్త. పెద్దాడికి ఎత్తుకోవాలనిపిస్తే ముందు సోఫా ఎక్కి నిలబడాలి, అక్కణ్ణుంచి నేను హత్తుకుంటాను. చిన్నదాన్ని నేల మీద నుంచి తీసేటప్పుడు నడుం వంచకుండా ఒక మోకాలు ఆనించి, గుండెకి దగ్గరగా పట్టుకుని లేస్తాను. ఉప్పు కొట్టు మూసేశాం. పొద్దున్నే డాబా మీద కాసేపు నడక, రాత్రి వేడినీళ్ళ బ్యాగుతో కాపడం. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మొదలుపెట్టిన అమృతాంజనం కూడా ఉంది. అది డిస్కుని ఏమీ చెయ్యదని నాకూ తెలుసు. కానీ పిలిస్తే పలుకుతుంది, మీలాగా కాదు.

మీకిక ఒకటే విన్నపం. మీరు రాకపోయినా ఫరవాలేదు, మీ బదులు ఒక మనిషిని పంపండి. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా చాలు. అదీ కుదరకపోతే, చీటీ మీద ‘బరువులు ఎత్తరాదు’ అన్నదాని కింద ‘ఎత్తవలసినవారు’ అని ఒక ఖాళీ గీత పెట్టించండి. మా ఆయన పేరు, ఇంటిపేరుతో సహా నేనే నింపుకుంటాను.

ఇట్లు,
మీ దర్శనం దొరకని
మూడో అంతస్తు పేషెంటు

తా.క. జవాబు రాస్తే వాట్సాప్‌లో పెట్టకండి. తల వంచి ఫోను చూడటం కూడా తగ్గించమన్నారు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, నా కళ్ళ ఎత్తులో ఫ్రిజ్ తలుపుకి అంటించి వెళ్ళండి. కింద అంటిస్తే పెద్దాడు చించేస్తాడు, ఆ ముక్కలు ఏరడానికి మళ్ళీ నేనే వంగాలి.